సూపర్ మామా!

బెంగళూరు పక్కన హెబ్బగోడిలో ఉండే తెలుగువాళ్ళు రెండు రకాల రివ్యూలు చేస్తారు. ఒకటి జీతం తీసుకుని చేసేది, రెండోది స్నేహితుడి కథ చదివి చేసేది. మొదటిదాంట్లో దయాదాక్షిణ్యాలుండవు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక వేరియబుల్‌కి పేరు సరిగ్గా పెట్టకపోతే ముక్కూ మొహం తెలియని పుణే కుర్రాణ్ణి కామెంట్ల మీద కామెంట్లు పెట్టి ఏడిపిస్తాం. అదే మనిషి సాయంత్రం పీజీకి వచ్చి, పక్క మంచం మిత్రుడు రాసిన కథ తెరుస్తాడు. తొమ్మిదో పేజీలో చనిపోయిన తాత పద్నాలుగో పేజీలో రచ్చబండ మీద కూర్చుని తీర్పు చెబుతుంటాడు. మనవాడు ఆ తాతకు మనసులోనే దండం పెట్టుకుని, ‘సూపర్ మామా!’ అని మెసేజ్ పెట్టి పడుకుంటాడు.

తప్పంతా చదివినవాడిదే అనలేం. రాసినవాడు అడిగే తీరు అలా ఉంటుంది. ‘మామా, మొహమాటం పెట్టుకోవద్దు. ఉన్నదున్నట్టు చెప్పు’ అంటాడు. ఉన్నదేమిటో ఆయన ముందే నిర్ణయించేసుకున్నాడు, మన చేత సంతకం పెట్టించుకోవడమే మిగిలింది. ‘బాగుంది’ అంటే ఒప్పుకోడు. ‘ఎక్కడ బాగుంది?’ అని నిలదీస్తాడు. ‘క్లైమాక్స్’ అని చెప్పి తప్పించుకోబోతే, ‘అది క్లైమాక్స్ కాదు, ఇంటర్వెల్. రెండో భాగం రేపు పంపిస్తా’ అంటాడు.

ఒకప్పుడు ‘బస్సులో చదివితే తల తిరుగుతుంది’ అని తప్పించుకునేవాళ్ళం. 2025 ఆగస్టులో ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో పసుపు లైను వచ్చి ఆ సాకు కాస్తా పోయింది. మొదట్లో ఉన్నవి మూడే రైళ్ళు, 25 నిమిషాలకొకటి. హెబ్బగోడి ప్లాట్‌ఫారం మీద రచయిత చేతికి చిక్కితే, రైలు వచ్చేలోగా ఒక కథ పూర్తిగా వినాల్సి వచ్చేది. పైగా అవి డ్రైవరు లేకుండా నడిచేలా తయారైన రైళ్ళు. అయినా చేరాల్సిన చోటికే చేరేవి. కథకు మాత్రం డ్రైవరుండీ ఆ భాగ్యం లేదు.

ఇంతకీ కథేమిటంటే, హీరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొదటి పేజీలో వాన, రెండో పేజీలో కాఫీ, మూడో పేజీలో కన్నడ అమ్మాయి. ఆ అమ్మాయి నోరు విప్పితే గుంటూరు యాస. నగరంలో మనుషులు యంత్రాలైపోయారని హీరోకు ఏడో పేజీలో జ్ఞానోదయమవుతుంది. రాజీనామా విసిరికొట్టి, గోదావరి ఒడ్డున ప్రకృతి సేద్యం మొదలుపెడతాడు. రాసినవాడిది అనంతపురం జిల్లా. గోదావరిని సినిమాల్లోనే చూశాడు. రాజీనామా సంగతి దేవుడెరుగు, బొమ్మసంద్ర దగ్గర కొన్న ఫ్లాటుకు నెలనెలా ఈఎంఐ కడుతున్నాడు.

ఆ ఈఎంఐ మీద ఒక్క వాక్యమైనా కథలో లేదు. కన్నడ ఇంటి ఓనరు, తమిళ కూరగాయలాయన, ఒడియా వాచ్‌మన్, ఆంధ్రా మెస్‌లో పప్పు మీద నెయ్యి తగ్గిందని గొడవపడే మనవాళ్ళు, షిఫ్టు దిగి హోసూరు రోడ్డు దాటడానికి తంటాలు పడే కాంట్రాక్టు కార్మికులు, ఎవరూ లేరు. ‘నువ్వు రోజూ చూసేదంతా వదిలేసి, ఎన్నడూ చూడనిది రాశావు’ అని ఒక్కమాట అంటే, ఆయన కథకు అంతకు మించిన ఉపకారం ఉండదు. కానీ ఎవరూ అనరు. ఆ మిత్రుడే మన ఇంటి డిపాజిట్‌కి అప్పిచ్చాడు.

నిక్కచ్చిగా విమర్శించినవాళ్ళు మనకు లేకపోలేదు. చిత్తూరు జిల్లా కట్టమంచి రామలింగారెడ్డి అప్పట్లో మైసూరు సంస్థానంలో కొలువు చేస్తూ, 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువరించాడు. కవి పింగళి సూరనను నెత్తిన పెట్టుకుంటూనే లోపాలు కూడా చూపించాడు. పండితులు భగ్గుమన్నారు. కట్టమంచివారి ధైర్యానికి నమస్కారం. అయితే ఆయనకున్న ఒక సౌకర్యం మనం మరచిపోకూడదు. సూరన పదహారో శతాబ్దం మనిషి. పక్క మంచం మీద పడుకుని, ‘చదివావా మామా? ఎంతవరకూ వచ్చావు?’ అని అడిగే అవకాశం పాపం సూరనకు లేకపోయింది.

మన మిత్రుడు బతికే ఉన్నాడు, పుస్తకం కూడా వేయించాడు. తెలుగు పుస్తకం అచ్చయితే ఆవిష్కరణ సభ తప్పదు. వేదిక మీద ఆరుగురు వక్తలుంటారు. ‘సమయాభావం వల్ల పుస్తకం పూర్తిగా చదవలేకపోయాను, కానీ...’ అని మొదలుపెట్టినవాడు ఆ ‘కానీ’ మీద ముప్పావుగంట నిలబడతాడు. రచయితను తిలక్, చాసో లాంటి మహా కథకులతో పోలుస్తాడు. ఆఖర్న శాలువా కప్పించుకుని, రైలుకు టైమైందని వెళ్ళిపోతాడు. చదివినవాడొకడు మూడో వరుసలో కూర్చుంటాడు. వాణ్ణి ఎవరూ మాట్లాడమనరు. పిలిస్తే తాత సంగతి బయటపడుతుంది.

నిజం చెప్పడమంటే తిట్టడమని మనకో అపోహ. ‘నీకు రాయడం రాదు’ అన్నది విమర్శ కాదు, రాసినవాడు దానితో చేయగలిగిందేమీ ఉండదు. ‘ఆరో పేజీలో ఫోన్ పక్కన పెట్టేశాను. అమ్మాయి ఎందుకు ఏడ్చిందో అర్థం కాలేదు’ అంటే అతనికి పని దొరుకుతుంది. పేజీ నంబరు చెప్పాలి, విసుగెత్తిన చోటు చెప్పాలి, నవ్వొచ్చిన చోటు కూడా చెప్పాలి. ‘నేనైతే ఇలా రాసేవాణ్ణి’ అని మాత్రం అనకూడదు. అలా అంటే వచ్చే శుక్రవారానికి మన కథ కూడా తయారవుతుంది. అప్పుడు హెబ్బగోడిలో చదివేవాడు ఒకడు తగ్గి, రాసేవాడు ఒకడు పెరుగుతాడు.

ఇంత చెప్పినా మిత్రుడు అలిగితే గురజాడను గుర్తుచేయొచ్చు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. జనం మెచ్చుకున్నారు కదా అని ఆయన ఊరుకోలేదు. నాటకాన్ని తిరగరాసి, బాగా పెంచి, 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. ఈనాడు మనం తలమీద పెట్టుకునేది ఆ రెండో కూర్పునే. మన మిత్రుడికి కూడా రెండో కూర్పు యోగం పట్టాలంటే, మొదటి కూర్పు బాగాలేదని మొహం మీద చెప్పే మనిషి ఒక్కడుండాలి. సూపర్ మామాలు ఎంతమంది ఉన్నా లాభం లేదు. వాళ్ళు మొదటి కూర్పు కాపీలు కూడా కొనరు, ఫ్రీగా అడుగుతారు.