వీశె రాయి

ఇప్పుడు నేను తలుపు రాయిని. బత్తలపల్లెలో గాలి లేచిందంటే మా సెట్టి ఇంటి తలుపు ఠపీఠపీమని కొట్టుకుంటుంది. దాన్ని ఆపడమే నా పని. ఒళ్లంతా పోత ఇనుము, అయినా మా జాతిని జనం రాళ్లనే పిలిచారు. తూకం రాళ్లు. వెనకటికి నిజంగానే రాళ్లు పెట్టి తూచేవాళ్లు గనక ఆ పేరు మాకు అంటుకుంది. ఇనుము వచ్చినా పేరు మారలేదు.

నా పేరు వీశె. 120 తులాలు, అంటే నలభై పలాలు. నాలాంటివి ఎనిమిది కలిస్తే మణుగు. ఇరవై మణుగులైతే బారువ. కిలోల్లో చెప్పమంటే నాకు నామోషీ, అయినా చెబుతాను: కిలో నాలుగు వందలు, కాస్త అటూ ఇటూ. నా అడుగున ఒక గుంట ఉంది, గుంటలో సీసం, సీసం మీద సర్కారు ముద్ర. ఆ ముద్ర అరిగిపోయి ఎన్నేళ్లయిందో. నేను ఏ ఏడు పుట్టానో దాన్నిబట్టి చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడు లేరు.

పుట్టిన రోజు తెలియకపోవడం మా ఊళ్లో వింతేం కాదు. బడిలో వేసేటప్పుడు అయ్యవారు "ఎప్పుడు పుట్నాడు?" అంటే, "ఆ పెద్ద వాన పడిన ఏడు" అనో, "సెనక్కాయ పీకేటప్పుడు" అనో తల్లి చెప్పేది. అయ్యవారు జూన్ 1 అనో జులై 1 అనో రాసుకునేవారు. ఆ లెక్కన ఊళ్లో సగం మందికి ఒకటే పుట్టినరోజు. అందుకే, ఒకే తారీకున ఇన్ని గొప్ప సంగతులు జరిగాయి అని ఎవరైనా చెబితే, నాకు ముందు ఆ అయ్యవారి కలమే గుర్తొస్తుంది.

అయితే ఈ పొద్దున సెట్టి మునిమనవరాలు గడప మీద కూర్చుని చదివిన తారీకు అలాంటిది కాదు. బడిలో ప్రార్థన దగ్గర "చరిత్రలో ఈ రోజు" చదవడం ఇవాళ ఆ పాప వంతు. రేపోమాపో దసరా సెలవులు. ఫోనులో చూసుకుంటూ, నోటుపుస్తకంలో ఎక్కిస్తూ, పైకి చదువుతోంది. అక్టోబరు 1. శివాజీ గణేశన్ పుట్టిన రోజు, 1928. అల్లు రామలింగయ్య పుట్టిన రోజు, 1922. పాటలు కట్టిన ఎస్.డి. బర్మన్ 1906. చైనాలో మావో కొత్త రాజ్యాన్ని ప్రకటించింది 1949. ఆంధ్ర రాష్ట్రం 1953. అమెరికాలో నాసా పని మొదలుపెట్టింది 1958.

అక్కడ ఆపింది. 1958లో అదే రోజు మన దేశంలో జరిగిన ఇంకో సంగతి ఆ ఫోనులో ఉన్నట్టు లేదు. నన్ను ఇంటికి పంపిన సంగతి అది. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఇవన్నీ తూకం రాయికెలా తెలుసని అడుగుతారేమో. ఉద్యోగం పోయాక సెట్టి నన్ను పొట్లాల కాగితాల మీద పెట్టాడు. అంగడిలో చింతపండుకు, కారానికి, ఉప్పుకు పొట్లం కట్టడానికి పాత పేపర్లు సేర్ల లెక్కన, తరవాత కిలోల లెక్కన కొనేవాడు. ఈ మెట్టలో గాలి ఎంత మొండిదంటే, బరువు పెట్టకపోతే ఆంధ్రపత్రిక ఎగిరి చెరువుకట్ట మీదికి పోయేది. ఏళ్ల తరబడి వార్తల మీద బోర్లా పడుకున్నాను. ఏ ఏడు పేపరు పైకొస్తుందో లెక్క లేదు. పైన 1969, దాని కింద 1954. తారీకులు కలగాపులగం. చదువు అలా వచ్చింది నాకు, క్రమం లేకుండా.

1953 మాత్రం పేపర్లో చదవలేదు, నా కళ్లతో చూశాను. ఆ రోజు గురువారం. హస్త కార్తె. చేలల్లో సెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టి, చివరి వాన కోసం చూస్తున్న సమయం. అంగడి అరుగు మీద నలుగురు చేరారు. కర్నూలుకు నెహ్రూ వచ్చాడట. రాజధాని అక్కడేనట. కచేరీలకు కట్టడాలు చాలక డేరాలు వేశారట. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, మన ఇల్లూరాయన నీలం సంజీవరెడ్డి ఆయన తరవాతి వాడు. మొత్తం పదకొండు జిల్లాలు. అంతకు పది నెలల ముందు, 58 రోజులు అన్నం మానేసి పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన సంగతి ఎత్తుకుని ఒకాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంగ మద్రాసుకు పొయ్యే పని లేదప్పా" అన్నాడు ఒకడు.

"నువ్వెప్పుడు పోతివిరా మద్రాసుకు?" అన్నాడు రెండోవాడు.

మూడోవాడు ఆకాశం చూస్తూ, "నెహ్రూ వానేమన్నా ఎంటబెట్టుకొచ్చినాడా, కనుక్కోండి" అన్నాడు.

వాళ్ల వెనక నిలబడి ఉంది ఒక అవ్వ. బెల్లానికి వచ్చింది. కూతుర్ని బళ్లారిలో ఇచ్చింది. "అయితే మా పాప ఇంగ మైసూరోళ్ల రాష్ట్రమా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజే బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు, బళ్లారితో సహా మిగతావి అటు. రాయదుర్గం మా అనంతపురం జిల్లాలో కలిసింది. ఒక పళ్లెం దిగితే ఒకటి లేస్తుంది, అది నాకు కొత్త కాదు. కానీ అసలు ఈ అనంతపురం జిల్లాయే 1882లో బళ్లారి కడుపున పుట్టింది. తల్లి ఒక రాష్ట్రం, బిడ్డ ఒక రాష్ట్రం అయిన రోజది. పండగ బొమ్మలు పేపర్లో చాలా చూశాను. బళ్లారి వియ్యంకుల బొమ్మ ఒక్కటీ కనపడలేదు. సెట్టి ఆ అవ్వకు వీశె బెల్లం తూచి, పైన ఒక చిన్న గడ్డ ఊరికే వేశాడు. నేనెరిగినంతలో అతను ఊరికే వేసింది ఆ ఒక్కసారే.

సెట్టి గురించి దాచడానికేం లేదు. తక్కెడ పళ్లెం కింద చింతపండు ముద్ద అంటించే విద్య అతనికి తెలుసు. నేను నిజమే చెప్పేదాన్ని, పళ్లెం అబద్ధం చెప్పేది. జనానికి తెలియక కాదు. తెలిసే వచ్చేవాళ్లు. అప్పు పుట్టేది అక్కడే కదా. అల్లు రామలింగయ్య సినిమాలు వచ్చాక వాళ్లకు తిట్టడానికి ఒక సులువు దొరికింది. పాలకొల్లులో పుట్టిన ఆ మనిషి తెర మీద పిసినారిగా, జిత్తులమారి పెద్దమనిషిగా నడుచుకుంటూ వస్తే ధర్మవరం హాలంతా మా సెట్టినే చూసేది. మాయాబజార్‌లో లక్ష్మణ కుమారుడి ముందు శర్మగా ఆయన కొట్టిన డప్పు చూసొచ్చిన కుర్రాళ్లు, "ఏం సెట్టీ, అల్లు రామలింగయ్య నీ దగ్గర నేర్చుకున్నాడా, నువ్వాయన దగ్గరా?" అనేవాళ్లు. సెట్టి నవ్వేవాడు. నవ్వుతూనే వేలు పళ్లెం మీద పెట్టేవాడు. వెయ్యికి పైగా సినిమాల్లో వేసి, హోమియో మందులూ ఇచ్చి, 1990లో పద్మశ్రీ అందుకున్న ఆ నటుడి ముఖం సీమ పల్లెల్లో ఇలా ఒక తిట్టుగా, ఒక ముద్దుపేరుగా బతికింది.

శివాజీ గణేశన్ దారి వేరు. విల్లుపురంలో పుట్టినవాడు. తమిళం రానివాళ్లకు కూడా ఆయన గొంతు అర్థమయ్యేది. వీరపాండ్య కట్టబ్రహ్మన చూసొచ్చిన ముసలాయన ఒకడు అరుగు మీద కూర్చుని, "వాడూ మన పాళెగాడే కదరా" అన్నాడు. మన్రో దొర కలెక్టరుగా వచ్చి పాళెగాళ్లను అణచిన సీమ ఇది. దొరను ఎదిరించినవాడు ఏ భాషలో ఉరికంబమెక్కినా ఇక్కడ చుట్టమే. ఆ వేషానికే 1960లో కైరోలో శివాజీకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆ వార్త ఉన్న పేపర్లో జీలకర్ర పొట్లం కట్టారు.

ఇద్దరు నటుల పుట్టిన రోజూ ఒక రాష్ట్రం పుట్టిన రోజూ ఒకటైతే ఏమిటట? ఏమీ లేదు. రాష్ట్రం పండగ తరవాత నవంబరు 1కి జరిగిపోయింది. నటుల ముఖాలేమో ఫోన్లలో ఇంకా తిరుగుతున్నాయి.

పాప చదవని ఇంకో రెండు సంగతులు చెబుతాను, ఎందుకంటే అవి బరువుకు సంబంధించినవి. 1854 అక్టోబరు 1. ఆ రోజు నుంచి దేశం మొత్తానికి తపాలా బిళ్లలు వచ్చాయి. విక్టోరియా రాణి తల ఉన్న నీలం బిళ్ల, కలకత్తాలో అచ్చయింది. పావు తులం ఉత్తరానికి అరణా, దూరమెంతయినా సరే. అంతకుముందు దూరాన్ని బట్టి డబ్బు. ఇప్పుడు తులాన్ని బట్టి. దూరాన్ని తీసేసి ఆ చోట మా వాళ్లను కూర్చోబెట్టిన రోజది. నాలో 120 తులాలున్నాయి. అంటే నా బరువున 480 ఉత్తరాలు, ధర్మవరం నుంచి పెషావరుకు పోయినా అరణా చొప్పునే. ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు కాస్త గర్వం కలుగుతుంది, ఒప్పుకుంటాను. సరిగ్గా పదిహేనేళ్లకు, 1869లో అదే అక్టోబరు 1న ఆస్ట్రియా హంగరీ వాళ్లు ప్రపంచంలో మొదటి పోస్టుకార్డు వేశారు. మన దేశానికి 1879లో వచ్చింది. మా అంగడి గోడకు ఒక ఇనుప తీగ ఉండేది, వచ్చిన కార్డులన్నీ దానికి గుచ్చేవాళ్లు. బాకీ కార్డులు, పెళ్లి కార్డులు, ఒక మూల చించిన చావు కార్డులు. వాన లేని ఏళ్లలో బెంగళూరుకు కూలికి పోయినవాళ్లు రాసిన కార్డులే ఎక్కువ. ఎవరో రాసిపెట్టిన అక్షరాలు, చదువురాని ఇళ్లకు సెట్టి చదివి వినిపించేవాడు. చదివినందుకు డబ్బు తీసుకోలేదు. వినడానికి వచ్చినవాళ్లు ఉప్పో పప్పో కొనకుండా పోరు కదా.

సరే, 1958.

కిలోల చట్టం 1956లోనే వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడే నాకు అనుమానం తగిలింది. 1958 అక్టోబరు 1న దేశంలో కొన్ని చోట్ల కిలో బరువులు మొదలయ్యాయి. 1962 ఏప్రిల్ నాటికి దేశమంతా అదే తప్పనిసరి. డప్పు కొట్టలేదు. తోరణం కట్టలేదు. ఆరు పలకల కొత్త రాళ్లు ఒక గోనెసంచిలో దిగాయి, నిగనిగలాడుతూ. నన్ను పక్కకు జరిపి వాటిని బల్ల మీద వరసగా పెట్టాడు సెట్టి.

తరవాత కొన్ని నెలలు అంగడిలో ఒకటే గొడవ. కిలో అంటే ముక్కాలు వీశె కన్నా ఇంకాస్త తక్కువ. సెట్టి ముక్కాలు వీశె ధరకే కిలో ఇచ్చాడు. చింతపండు ముద్ద అవసరం లేకుండానే, ఏ దొంగతనమూ లేకుండానే మిగులు. ఆ తేడా కనిపెట్టింది ఎవరనుకున్నారు? ఆ బళ్లారి అవ్వే. అక్షరం ముక్క రాదు. కిలో బెల్లం చేతిలోకి తీసుకుని ఎగరేసి పట్టుకుంది.

"సెట్టీ, ఇది నా చెయ్యికి తక్కువొస్తాండాది. ఆ పాత రాయి తియ్యి."

"పాత రాయి పెడితే జుల్మానా ఏస్తారవ్వా!"

"ఏసుకోనీ. నా బెల్లానికి నేను జవాబు చెప్పుకుంటా."

నన్ను తీశాడు. ఒక పళ్లెంలో నేను, ఒక పళ్లెంలో కొత్త కిలో, దానికి తోడుగా పాత పావు వీశె. నేను కిందికి దిగాను. అది పైకి లేచింది. అవ్వ ఏమీ అనలేదు. తలూపి, రెండు నయాపైసలు వెనక్కి తీసుకుని పోయింది. నా చివరి తూకం అదే. ఇంతవరకు నేను తూచినవాటన్నిటిలో ఆ కిలో రాయిని తూచడమే నాకు ఇష్టం.

ఇక నాసా. నన్ను సాగనంపిన రోజునే పుట్టినవాళ్ల గురించి ఒక మాట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. 1999 సెప్టెంబరులో వాళ్లు అంగారకుడి దగ్గరికి పంపిన ఒక నౌక గ్రహం దగ్గర అయిపు లేకుండా పోయింది. కారణం తెలిశాక పేపర్లో చదివి నవ్వుకున్నాను. ఒక జట్టు పౌన్ల లెక్కలో అంకెలిచ్చింది, ఇంకో జట్టు వాటిని మెట్రిక్ లెక్కలో అనుకుంది. ఆ నౌక ఖరీదు పన్నెండున్నర కోట్ల డాలర్లు. మా అవ్వకు ఒక జీతం పెట్టి అక్కడ కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది.

1982 అక్టోబరు 1న జపానులో సోనీ వాళ్లు మొదటి సీడీ ప్లేయరు అమ్మారని కూడా ఒక పొట్లం మీద ఉంది. ఆ ఏడు మా అంగడిలో టేపు రికార్డరుకే ఊరంతా మూగేది. 1971లో అదే రోజు ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ తెరిచారు. సెట్టి చిన్న మనవడు అక్కడికి పోయి, ఎలుక చెవుల టోపీ పెట్టుకుని ఫోటో పంపాడు. అవ్వలెవరూ లేరు ఇప్పుడు, ఉంటే ఆ టోపీ గురించి మంచి మాట అనేవాళ్లు.

పాప రాయడం అయిపోయింది. నోటుపుస్తకం మూసి, చెప్పులు వెతుక్కుంటూ నా మీద కాలు తగిలి, "అబ్బా!" అంది. వంగి నన్ను రెండు చేతులతో ఎత్తింది.

"తాతా, ఇదేంది?"

"వీశె రాయిమ్మా."

"ఎంత ఉంటాది?"

తాతకు, అంటే ఆ సెట్టి కొడుక్కి, చెప్పడం రాలేదు. నోరు తెరిచి, "వీశె అంటే... వీశెంత" అన్నాడు. పాప నన్ను మోసుకుపోయి అంగడి బల్ల మీది కరెంటు తూకం మీద పెట్టింది. చల్లటి స్టీలు పళ్లెం. ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలిచాయి. 1.372.

తుప్పు తినింది కొంత, తలుపు తినింది కొంత. పాప ఆ అంకెను నోటుపుస్తకంలో చివరి గీత కింద రాసుకుంది. ఏ సంవత్సరమని రాసిందో నాకు కనపడలేదు. బయట ఎవరో "మబ్బు కమ్మిండాదిరా!" అని అరిచారు. తాత, పాప ఇద్దరూ వాకిట్లోకి పరిగెత్తారు. నన్ను పళ్లెం మీదే మరిచిపోయారు. వెనక తలుపు ఠపీమని కొట్టుకుంది.