పగలని పరీక్షనాళిక

ప్రమాదాల నివారణకు మనుషులు కనిపెట్టిన సాధనాలన్నింటిలోనూ చవకైనదీ, మన్నికైనదీ తాళంకప్ప అన్న సత్యాన్ని పెద్ద పరిశ్రమలు ఇంకా గ్రహించవలసే ఉంది గానీ, సర్కారు ఉన్నత పాఠశాలల్లోనూ ప్రైవేటు బడుల్లోనూ చాలామటుకు దానిని ఏనాడో గ్రహించి ఆచరణలో పెట్టాయి. తాళం పడిన ప్రయోగశాలలో ఆమ్లం ఎవరి చేతి మీదా ఒలకదు, పగిలిన గాజు గొట్టం ఎవరి వేలినీ కోయదు, స్పిరిట్ దీపం ఎవరి చున్నీకీ అంటుకోదు. ఏళ్ళ కిందట కొన్న పరీక్షనాళికలు సైతం ఒక్కటీ తగ్గకుండా స్టాకు రిజిస్టరులో క్షేమంగా ఉంటాయి. నూరేళ్ళు దాటిన బొగ్గు కంపెనీ ఎంత వెచ్చించినా అందుకోలేకపోతున్న 'సున్నా ప్రమాదాల' లక్ష్యాన్ని, దాని క్వార్టర్ల పక్కనున్న బడి ఒక్క తాళంతో సాధించి చూపడం శాస్త్రవిద్యా చరిత్రలో నమోదు కావలసిన ఘట్టం.

ఈ ఘట్టాన్ని అధ్యయనం చేయడానికి గోదావరిఖనిని మించిన చోటు లేదు. 1920 డిసెంబరు 23న నమోదై, నేడు తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్న సింగరేణి సంస్థ గనుల చుట్టూ పెరిగిన ఈ పట్టణంలో, బాయిలో (అంటే గనిలో) దిగే కార్మికుడు మస్టరు వేయించుకుని, ల్యాంప్‌రూములో క్యాప్‌ల్యాంపు తీసుకుని, టోపీ, బూట్లు తొడిగి, సెల్ఫ్ రెస్క్యూయర్‌ను (అంటే విషవాయువు కమ్మినప్పుడు బయటపడేదాకా ఊపిరి నిలిపే పరికరాన్ని) నడుముకు తగిలించుకుంటాడు. ఆ తర్వాత జేబులు తడిమించుకుని, బీడీ గానీ అగ్గిపెట్టె గానీ లేదని తేలాక మాత్రమే లోపలికి కదులుతాడు. అతనికంటే ముందే మైనింగ్ సర్దార్ తన పరిధిలోని పని స్థలాలను తిరిగి చూసి, పైకప్పును తట్టి దాని చప్పుడును బట్టి గట్టిదో బోలుదో తేల్చి, మీథేన్ వాయువు ఎంత ఉందో కొలిచి ఉంటాడు. గాలిలో 5 నుంచి 15 శాతం వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలే ఈ వాయువు 1.25 శాతం దాటగానే అక్కడి యంత్రాలకు కరెంటు ఆపివేయాలని నిబంధన చెబుతుంది.

ఈ జాగ్రత్తలను ఎవరో తీరికగా కూర్చుని ఊహించి రాయలేదు. 1952 నాటి గనుల చట్టంలోనూ, 1957 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన 2017 బొగ్గు గనుల నిబంధనలలోనూ ఉన్న క్లాజుల్లో చాలావాటి వెనుక ఎక్కడో ఒక గనిలో వరుసగా పేర్చిన శవాలున్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి పక్క తవ్వకాల్లో నిలిచిన నీరు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో మరో ముగ్గురు. రక్షణ అనేది గోడ మీది నినాదం కాదని ఈ ఊళ్ళో ఏ ఇల్లాలికైనా తెలుసు. షిఫ్టు దిగవలసిన మనిషి గంట ఆలస్యమైతే గడపలో నిలబడేది ఆమే.

అటువంటి ఇంటి నుంచే పదో తరగతి పిల్ల బడికి వెళుతుంది. జింకు ముక్కల మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి హైడ్రోజన్ తయారుచేయమని, దానిని సబ్బునీటిలోకి పంపి, వచ్చిన బుడగ దగ్గరికి కొవ్వొత్తి మంట తెమ్మని ఆమె పాఠ్యపుస్తకం చెబుతుంది. తండ్రి జీవితమంతా హడలెత్తించిన మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య పేలితే, కూతురు బల్ల మీద తయారయ్యే హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎక్కడైనా పేలగలదు. కనుకనే మంటను బుడగకే చూపాలి గానీ గొట్టం మూతికి చూపరాదని, సీసాలో మొదట ఉండే గాలి బయటికి పోయేదాకా ఆగాలని, కళ్ళద్దాలు పెట్టుకోవాలని, మిగతా పిల్లలు వెనక్కి జరగాలని ప్రయోగ పద్ధతి అంటుంది. పద్ధతి తప్పితే బుడగ చేయవలసిన చిన్న 'టప్' శబ్దాన్ని సీసా చేస్తుంది, గాజు పెంకులు ముందువరుసకు అందుతాయి. ఈ ప్రయోగాన్ని చేయించే బడుల్లో కళ్ళద్దాలు ఉండకపోవడం ఒక పద్ధతి. ప్రయోగమే చేయించకుండా, నల్లబల్ల మీద బొమ్మ వేసి 'టప్' అని నోటితో పలికించడం మరింత క్షేమకరమైన రెండో పద్ధతి. బాయిలో నిషిద్ధమైన అగ్గిపెట్టె మాత్రం సైన్సు గది బీరువాలో నిత్యం అందుబాటులో ఉంటుంది, సరస్వతీదేవి పటం ముందు అగరుబత్తి వెలిగించాలి గనుక.

ఇందులో ఉపాధ్యాయుడిని తప్పుపట్టడం సులువే గానీ న్యాయం కాదు. ల్యాబ్ అసిస్టెంటు లేడు, కుళాయిలో నీళ్ళు లేవు, సెక్షనులో అరవై మంది. ప్రయోగం చేయించి ఒక పిల్లవాడి చెయ్యి కాలితే మెమో వస్తుంది, బంధువులు గేటు దగ్గరికి వస్తారు, జిల్లా ఎడిషనులో ఫొటో వస్తుంది. ఏడాదంతా ఒక్క ప్రయోగమూ చేయించకపోతే ఏదీ రాదు. ఈ లెక్క వేయడానికి బీఈడీ అక్కరలేదు. అందువల్లనే ప్రయోగశాల రక్షణ సూత్రాలన్నీ కుదించుకుపోయి ఒకే వాక్యంగా మిగిలాయి: "ముట్టకుండ్రి, పలిగితే పైసలు కట్టాలె." ఇక్కడ రక్షణ గాజు సామానుకే గానీ, దానిని పట్టుకునే వేళ్ళకు కాదు.

చట్టం చూస్తూ ఊరుకుందని కూడా అనలేము. ఆమ్ల దాడుల కేసులో 2013 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆమ్లం నిల్వ చేసే విద్యాసంస్థలు దాని వాడకానికి రిజిస్టరు నిర్వహించి సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు (అంటే ఆర్డీఓకు) సమర్పించాలి, నిల్వకు ఒక వ్యక్తిని బాధ్యుడిని చేయాలి, ప్రయోగశాల నుంచి బయటికి వెళ్ళే విద్యార్థులను తనిఖీ చేయాలి. బాయిలోకి వెళ్ళేవారిని తడిమినట్టే ల్యాబు నుంచి వచ్చేవారినీ తడమాలన్న ఈ ఏర్పాటు బొగ్గు ప్రాంతానికి సులభంగా అర్థం కావలసినది. అయితే లేబులు ఊడిపోయి, మూత బిగుసుకుని, లోపలిది ఆమ్లమో నీరో ఎవరూ వాసన చూసి చెప్పే సాహసం చేయని సీసాకు వాడకం ఎంతని రాయాలి? సున్నా అని రాయవచ్చు. అది అబద్ధమూ కాదు.

బడుల మరమ్మతుకు 2022 మార్చిలో మొదలైన 'మన ఊరు - మన బడి' కార్యక్రమం మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, ప్రహరీ గోడ, రంగులు, వంటగది, భోజనశాల, డిజిటల్ విద్య వంటి పన్నెండు అంశాలను ఎంచుకున్నప్పుడు ఆ పన్నెండింటిలో ప్రయోగశాల అనే మాట లేకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. ప్రమాదమే లేని చోటికి మరమ్మతు దేనికి? సన్నబియ్యం బస్తాలు, విరిగిన బెంచీలు అక్కడ నిశ్చింతగా ఉంటాయి.

తాళాన్ని సమర్థించేవారు ఉదాహరణలు చూపుతారు. 2022 నవంబరులో సికింద్రాబాద్ మారేడుపల్లిలోని ఒక మహిళా కళాశాల ప్రయోగశాలలో రసాయన వాయువు వ్యాపించి పలువురు విద్యార్థినులు ఆసుపత్రి పాలయ్యారు. 2014 జనవరిలో న్యూయార్క్‌లోని ఒక హైస్కూలులో, లవణాలు మంటకు ఇచ్చే రంగులు చూపడానికి ఉపాధ్యాయురాలు వాడిన మెథనాల్ (ఇట్టే ఆవిరై అంటుకునే ఒక ఆల్కహాలు) భగ్గుమని ఒక విద్యార్థి తీవ్రంగా కాలిపోయాడు; సరిగ్గా ఆ ప్రయోగం గురించే హెచ్చరిస్తూ అమెరికా రసాయన భద్రతా మండలి అంతకు కొన్ని వారాల ముందే ఒక వీడియో విడుదల చేసింది. ఈ ఉదాహరణల తర్వాత లోకం గ్రహించినది మెథనాల్‌కు బదులు నిక్రోమ్ తీగ వాడాలని; మనం గ్రహించినది తీగ కూడా వద్దని.

రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఈ విజ్ఞత లేని మనిషి. 1812లో నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పేలి అతని కన్ను గాయపడింది. ఆ అవసరంలో కుదిరిన సహాయకుడే మైఖేల్ ఫారడే. కన్ను బాగుపడ్డాక డేవీ ప్రయోగశాలకు తాళం వేయకుండా, గనుల నుంచి తెప్పించిన పేలుడు వాయువును మళ్ళీ మళ్ళీ మండించి, సన్నని తీగల జల్లెడను మంట దాటలేదని 1815లో కనిపెట్టి, గని కార్మికుడి చేతికి రక్షణ దీపం ఇచ్చాడు. ఆ దీపం గనులకు చేరింది గానీ, దాన్ని కన్న గది మాత్రం బడికి చేరలేదు.

ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్ సమయానికి ఇలాంటి బడిలో చదివిన విద్యార్థి మొదటిసారి పిపెట్టును చూస్తాడు. నోటితో పీల్చాలా వద్దా అన్న సందేహం అతనికి రాదు, ఎందుకంటే రికార్డు ముందే పూర్తయింది. సీనియర్ రికార్డులో లోలకం గురుత్వ త్వరణం 980 వస్తే జూనియర్‌కూ 980 వస్తుంది. తర్వాత అతనికి బాయిలో ఉద్యోగం దొరికితే, 1966 వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం నడిచే వృత్తి శిక్షణ కేంద్రంలో (వీటీసీలో), పాతికేళ్ళ వయసులో, ప్రమాదకరమైన వస్తువును ఎలా ముట్టుకోవాలో మొదటిసారి ఎవరో చేయిపట్టి నేర్పుతారు.

ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం వస్తుంది, ప్రయోగశాల తాళం తీసి థర్మోకోల్ అగ్నిపర్వతం ప్రదర్శిస్తారు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం వస్తుంది, గనుల దగ్గర జెండా ఎగురవేసి రక్షణ ప్రతిజ్ఞ చేస్తారు. నడుమ ఉన్నవి మూడు రోజులే అయినా ఈ రెండు పండుగలకూ ఇంతవరకు పరిచయం కాలేదు. మార్చిలోనే పదో తరగతి పరీక్షలు. కూర్చోవడానికి బెంచీలు చాలక ప్రయోగశాల బల్లలను కూడా పరీక్ష గదుల్లోకి మోస్తారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీటిని ఎందుకు పోయరాదని ప్రశ్న వస్తే, తేలికైన నీరు పైనే ఉండి అక్కడికక్కడే మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుందని, అందుకే ఆమ్లాన్నే కొద్దికొద్దిగా నీటిలో పోస్తూ కలియబెట్టాలని ఆ పిల్ల అదే బల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. మార్కులు పూర్తిగా పడతాయి.