మీరు కలిసిపోండి, మేం చూస్తుంటాం

పశ్చిమాసియా సమస్యకు పరిష్కారం దొరికింది. ఓస్లోలో దొరకలేదు, క్యాంప్ డేవిడ్‌లో దొరకలేదు. కూకట్‌పల్లిలో ఒక కాలనీ పార్కు బెంచీ మీద, పొద్దుటి నడక ముగించుకున్న నలుగురు రిటైర్డ్ పెద్దమనుషుల మధ్య, ఫ్లాస్కులో రాగిజావ చల్లారేలోగా తేలిపోయింది.

"ఏముందండీ, ఎక్కడికి పోతే అక్కడ కలిసిపోవాలి. వాళ్లు కలవరు. అదీ గొడవ."

వాళ్లంటే ఎవరు, ఎవరిలో కలవాలి, కలవనిచ్చేదెవరు అన్న ప్రశ్నలకు ఆ బెంచీ మీద చోటు లేదు. పారిస్ శివార్లలోని అరబ్బులకూ, బెర్లిన్‌లోని తుర్కులకూ, గాజాలో గుడారం కింద పడుకున్నవాళ్లకూ కలిపి ఒకటే మందుచీటీ. గాజావాళ్లు వలసపోలేదండీ, 1948లో పారిపోయి వచ్చిన తాతల మనవలే వాళ్లలో ఎక్కువమంది, ఆ తాతల ఊళ్లు కంచెకు అవతలే ఉన్నాయి అని ఎవరైనా నసిగితే, "మీరు కమ్యూనిస్టా?" అని అడుగుతారు. అంతటితో చరిత్ర పాఠం ముగుస్తుంది.

ఆ నలుగురిలో ఒకాయనకు మూడంతస్తుల ఇల్లుంది. గేటుకు బోర్డు వేలాడుతుంటుంది: "టులెట్, ఓన్లీ వెజిటేరియన్స్." అద్దెకు వచ్చినవాణ్ని ముందు పేరడుగుతారు. పేరులో ఆచూకీ దొరక్కపోతే ఇంటిపేరు. అందులోనూ దొరక్కపోతే సొంతూరు. అప్పటికీ తేలకపోతే ఓ చిరునవ్వు నవ్వి, "మనవాళ్లేనా?" కాదని తేలితే, "అయ్యో, పొద్దున్నే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ." బోర్డు మాత్రం ఇంకో మూడు నెలలు వేలాడుతూనే ఉంటుంది.

2016లో డెన్మార్క్‌లోని రాండర్స్ అనే ఊళ్లో పురపాలక సంఘం ఒక తీర్మానం చేసింది. పిల్లల సంరక్షణ కేంద్రాల భోజనంలో పంది మాంసం ఉండితీరాలి, అది డేనిష్ సంస్కృతి అని. ఇలాంటి వార్త చేతికి దొరికితే మన పెద్దమనిషికి పండగే. "అదీ దెబ్బ! ఇష్టం లేకపోతే మీ దేశం పోండి" అని పది గ్రూపులకు పంపిస్తాడు. ఆ పళ్లెం ముందు తన మనవణ్ని కూర్చోబెట్టి చూడాలన్న ఊహ మాత్రం ఆయనకు రాదు. డెన్మార్క్‌లో పంది మాంసం తినకపోతే కలిసిపోలేదని అర్థం, ఆయన పైవాటాలో గుడ్డు ఉడికితే సంస్కృతి మంటగలిసిందని అర్థం. చెప్పేవి శ్రీరంగ నీతులే గానీ, శ్రీరంగంలో కూడా ఇల్లు అద్దెకివ్వరు.

ఆయన కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ మనవాళ్లు ఎలా కలిసిపోయారో చూద్దాం. పిల్లల పెళ్లిళ్లకు తెలుగు మ్యాట్రిమొనీ, అందులోనూ కులం వడపోత. సంఘాలు పెట్టుకుంటే అవి ఏ కులంవారి చేతిలో ఉన్నాయో గుంటూరులో కూర్చున్నవాడికి కూడా తెలుసు. 2024 ఆగస్టులో అక్కడి షుగర్ ల్యాండ్‌లో 90 అడుగుల హనుమంతుడు కొలువుదీరాడు. ఫొటో పార్కు బెంచీకి చేరితే అందరూ లేచి దండం పెట్టారు. మరుసటి ఏడాది, సెనేట్‌కు పోటీ చేస్తానన్న రిపబ్లికన్ ఒకడు, ఇది క్రైస్తవ దేశం, ఇక్కడ ఈ విగ్రహమేమిటని గొంతు చించుకున్నాడు. బెంచీ అట్టుడికిపోయింది. మత స్వేచ్ఛ మీద అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ ఏం చెబుతుందో కాలనీ మొత్తానికి ఒక్క పూటలో కంఠతా వచ్చేసింది. 2009లో స్విట్జర్లాండ్ ఓటు వేసి మరీ కొత్త మినార్లను నిషేధించినప్పుడు చప్పట్లు కొట్టింది కూడా ఈ చేతులే. అప్పుడు రాజ్యాంగం ఊసు లేదు, అతిథి మర్యాద తప్పకూడదన్న హితబోధే.

ఇంతకన్నా ముచ్చటైనది ఎడిసన్ ఊరేగింపు. 2022 ఆగస్టులో న్యూజెర్సీలోని ఆ ఊళ్లో మన స్వాతంత్ర్య దినోత్సవానికి ఊరేగింపు తీశారు. అందులో ఒక బుల్డోజర్. దాని మీద మోదీ, యోగి ఆదిత్యనాథ్‌ల బొమ్మలు. మన దేశంలో ఎవరి ఇళ్ల మీదికి ఆ యంత్రం వెళ్తోందో తెలిసినవాళ్లే దాన్ని అలంకరించి నడిపించారు. గొడవయ్యాక నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. పరాయిదేశంలో మైనారిటీగా బతుకుతూ, ఆ దేశం మైనారిటీలకిచ్చిన హక్కుతో, సొంత దేశంలోని మైనారిటీని బెదిరించే బండిని ఊరేగించడం! ఇంత చక్కగా కలిసిపోయినవాళ్లు ప్రపంచంలో మరొకరుంటే చూపించండి.

పోనీ, నిజంగానే కలిసిపోయినవాడికి ఏం జరిగింది? 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథాలో ఒక తెలుగు ఇంజనీరు ఆఫీసు పని ముగించుకుని స్నేహితుడితో కలిసి బార్లో కూర్చున్నాడు. మంచి ఉద్యోగం, సొంత ఇల్లు, సాయంత్రం ఓ గ్లాసు బీరు, అచ్చం ఆ ఊరివాడి జీవితమే. నా దేశంలోంచి పొమ్మంటూ ఒకడు తుపాకీ పేల్చాడు. ఎవరో ఇరానీయుల్ని కాల్చాననుకున్నాడట. ఆ తర్వాత అక్కడి తెలుగు సంఘం ఒకటి మనవాళ్లకు జాగ్రత్తలు చెప్పింది: నలుగురిలో ఉన్నప్పుడు మాతృభాషలో మాట్లాడకండి. చంపినవాడికి నియమావళి ఇవ్వలేం గనుక చచ్చేవాడికి ఇచ్చారు. కలిసిపోవడమన్న పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా, జవాబుపత్రం దిద్దేవాడు నీ మొహం చూసే దిద్దుతాడని మనకు అప్పుడే తెలియాలి. తెలియలేదు. మర్నాటి నుంచి బెంచీ మీద మళ్లీ పారిస్ అరబ్బులే.

అసలు విడ్డూరం ఇది కాదు. ఈ పెద్దమనిషి ఇజ్రాయెల్ వీరాభిమాని. వాట్సాప్ బొమ్మ స్థానంలో ఆ జెండా పెట్టుకున్న మనిషి. ఇజ్రాయెల్ ఎందుకు పుట్టిందో మాత్రం ఆయన్ని అడక్కండి. కలిసిపోవడం అనే సిద్ధాంతం శవం మీద పుట్టిన దేశం అది.

1895 జనవరి 5న పారిస్‌లోని సైనిక పాఠశాల ఆవరణలో యూదు కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రైఫస్‌ను నిలబెట్టి, యూనిఫాం మీది గుండీలూ పట్టీలూ పెరికి, కత్తిని విరిచారు. చేయని నేరానికి శిక్ష. ఫ్రెంచి భాష, ఫ్రెంచి సైన్యం, ఫ్రెంచి దేశభక్తి, ఇంకేం కలవాలి? గేటు బయట గుంపు యూదులు చావాలని అరిచింది. వియన్నా పత్రికకు ఆ వార్త రాసినవాడు థియోడర్ హెర్జల్. అంతకుముందు, వియన్నా యూదులందరికీ ఒకేసారి బాప్తిస్మం ఇప్పిస్తే పీడ వదులుతుందని కూడా ఆలోచించిన మనిషి. ఎంత కలిసినా కలవనివ్వరని తేల్చుకుని 1896లో యూదులకొక రాజ్యం కావాలని పుస్తకం రాశాడు. ఇక జర్మనీ. మొదటి ప్రపంచయుద్ధంలో లక్ష మంది యూదులు జర్మన్ సైన్యంలో పోరాడారు, 12,000 మంది చనిపోయారు. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చినప్పుడు ఆ పతకాలు చూపించినవాళ్లకు కూడా పౌరసత్వం మిగల్లేదు. తర్వాత ఏమైందో తెలిసిందే. కాబట్టి అయ్యా, ఇజ్రాయెల్‌కు జై కొట్టండి, లేదా వలసవాడికి కలిసిపొమ్మని బోధించండి. రెండూ ఒకే నోటితో చేస్తే హెర్జల్‌కు పొలమారుతుంది.

అవతలి జట్టు తక్కువ తిన్నదా? బాగ్‌లింగంపల్లిలో వామపక్షాలు సభలు పెట్టుకునే హాల్లో మెడకు పాలస్తీనా కండువా కెఫియా చుట్టుకుని, జోర్డాన్ నది నుంచి మధ్యధరా దాకా ఏకబిగిన విముక్తి చేసేసి, సమోసా తిని ఇంటికెళ్లే జట్టు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకుపోయిన రోజున ఈ హాలుకు గొంతు పూడుకుపోయింది. ఎత్తుకుపోయినవాళ్లలో పొలం పనికొచ్చిన థాయ్ కూలీలు కూడా ఉన్నారు. ప్రపంచ కార్మికులారా అన్న పిలుపు ఆ రోజు థాయ్‌లాండ్ దాకా వినిపించలేదు. ఆ తర్వాత గాజాలో పదుల వేలమంది, అందులో వేలాదిగా పిల్లలు చచ్చిపోతుంటే, అటు బెంచీకి గొంతు పోయింది. మొత్తానికి శవాల్ని కూడా మనవాళ్లేనా అని అడిగాకే ఏడవడంలో రెండు జట్లదీ ఒకే బడి.

పాలస్తీనియన్లు ఎక్కడో ఒకచోట అరబ్బుల్లో కలిసిపోవచ్చు కదా అని బెంచీ అంటుంది. అరబ్బులంతా వాళ్ల అన్నదమ్ములని హాలు అంటుంది. ఆ అన్నదమ్ముల సంగతి చూద్దాం. లెబనాన్‌లో తరాల తరబడి శిబిరాల్లో పుట్టి పెరిగినవాళ్లకు పౌరసత్వం లేదు. వైద్యం, న్యాయవాదం వంటి వృత్తులు మూసేశారు. 2001 నుంచి ఇల్లు కొనే హక్కూ లేదు. కువైట్‌లో దాదాపు 4 లక్షలమంది ఉండేవారు. కువైట్‌ను ఆక్రమించిన సద్దాంకు పాలస్తీనా నేత అరాఫత్ వత్తాసు పలికిన పాపానికి, అప్పటికి మిగిలి ఉన్నవాళ్లలో చాలామందిని 1991లో వెళ్లగొట్టారు. ఒకే భాష, ఎక్కువమందిది ఒకే మతం, ఒకే తిండి. అయినా తలుపు తెరుచుకోలేదు.

తలుపు లోపల ఉన్నవాళ్ల మాటేమిటి? ఇజ్రాయెల్ జనాభాలో ఐదోవంతు అరబ్ పౌరులు. హీబ్రూ నేర్చారు, ఆసుపత్రుల్లో డాక్టర్లయ్యారు, మందుల షాపుల్లో కూర్చున్నారు. 1966 దాకా సైనిక పాలన కింద బతికారు. ఇంత కలిశాక, 2018లో చట్టం చేసి అరబిక్‌ను అధికార భాష హోదా నుంచి దించారు. సొంత మతంవాళ్లకు మాత్రం దక్కిందేమిటి? 1991 మేలో 36 గంటల్లో 14,000 మందికి పైగా ఇథియోపియా యూదుల్ని విమానాల్లో తెచ్చి ప్రపంచం చేత శభాష్ అనిపించుకున్నారు. వాళ్లు దానం చేసిన రక్తాన్ని గుట్టుగా పారబోస్తున్నారని 1996లో బయటపడింది. మనిషిని కలుపుకున్నారు గానీ నెత్తురు కలవనివ్వలేదు.

ఇప్పుడు మన వాటా. గాజా యుద్ధం మొదలయ్యాక, వెస్ట్ బ్యాంక్ నుంచి ఇజ్రాయెల్‌కు పనికి వచ్చే పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేశారు. ఖాళీ పడిన పరంజాల మీదికి ఎక్కడానికి మనవాళ్లు కావలసి వచ్చారు. 2024లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో పరీక్షలు పెట్టారు. సెంట్రింగ్, టైల్స్, ప్లాస్టరింగ్, రాడ్లు వంచడం. గోడకు పూత పూస్తుంటే, పలక సమంగా కూర్చుందా లేదా అని పక్కన నిలబడి చూసి ఎంపిక చేశారు. నెలకు లక్షకు పైగా జీతమంటే అప్పుల్లో ఉన్నవాడు బాంబుల లెక్క చూడడు, వాణ్ని అనడానికి మనకు నోరు లేదు. కానీ అక్కడ విదేశీ కూలీ పర్మిట్‌కు గడువుంది, మహా అయితే 63 నెలలు. పెళ్లాం పిల్లలు రాకూడదు. గడువు తీరితే బయటికే. కట్టిన ఇంట్లో కలిసిపొమ్మని ఏ మేస్త్రీకీ ఎవరూ చెప్పరు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని దళిత కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకుంటాయి. సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. రమ్మనకముందే ఇంతగా కలిసిపోయినవాళ్లను కూడా ఇజ్రాయెల్ యూదులుగా గుర్తించలేదు. ఊళ్లో మనమూ కలుపుకోలేదనుకోండి.

జెరూసలేం దాకా ఎందుకు? ఒకే భాష మాట్లాడే మనం 1956 నుంచి 2014 దాకా, దాదాపు 58 ఏళ్లు, ఒకే అసెంబ్లీలో కూర్చుని, ఒకరి యాసను ఒకరు సినిమాల్లో వెక్కిరించుకుని, చివరికి నీళ్లూ ఉద్యోగాలూ ఉమ్మడి భవనాల్లోని కుర్చీలూ పంచుకుని విడిపోయాం. 2023లో నాగార్జునసాగర్ గేట్ల దగ్గర పోలీసుల్ని దించుకున్న జాతి, గాజా సరిహద్దు మీద తీర్పు చెబుతోంది.

కలిసిపొమ్మనేవాడికి నువ్వు కలవాలని ఉండదు. నువ్వు బయటే ఉన్నావని గుర్తు చేయాలని ఉంటుంది. అందుకే ప్రభుత్వానికి ఒక మనవి. మేస్త్రీకి పర్మిట్ ఉన్నట్టే మన అభిప్రాయాలకూ ఒక పర్మిట్ పెట్టండి. గడువు 63 నెలలు, పొడిగింపు లేదు. అభిప్రాయం వెంట బంధుమిత్రులు రాకూడదు, అంటే ఫార్వర్డ్‌లు నిషిద్ధం. దరఖాస్తుకు ఒకటే షరతు: పైవాటా అద్దె ఒప్పందం నకలు జతచేయాలి, అందులో కిరాయిదారు మనవాడు కాకూడదు. ఈ షరతుతో రెండు రాష్ట్రాల్లో పశ్చిమాసియా మీద మాట్లాడే అర్హత ఎందరికి మిగులుతుందో చూద్దాం. బహుశా అప్పుడే అక్కడ శాంతి చర్చలు మొదలవుతాయి, ఇక్కడి గోల తగ్గి వాళ్లకు ఒకరి మాట ఒకరికి వినబడి.