మామిడి చెట్లకు షోకాజ్ నోటీసు

నూజివీడు చుట్టుపక్కల తోటల్లో నిలబడి ఉన్న బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టరు చెట్లన్నింటికీ తెలియజేయడమేమనగా:

తమరు హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతున్నారని ఫిర్యాదులందాయి. బీఈడీ లేదు, టెట్ లేదు, డీఎస్సీ రాసిన పాపాన పోలేదు. ఏ అర్హతతో చెబుతున్నారు?

మొదటి అభియోగం పూత. పదో తరగతికి స్లిప్ టెస్టుల మీద స్లిప్ టెస్టులు నడిచే డిసెంబరు, జనవరి నెలల్లోనే తమరు విరగబూస్తున్నారు. పుష్పం పాఠాన్ని మేం గైడు బొమ్మతో, నాలుగు బాణం గుర్తులతో ముగించేశాం. తమరేమో ఒకే గుత్తిలో మగ పూలూ ద్విలింగ పూలూ కలిపి పూసి, ఈగల చేత పరాగ సంపర్కం చేయించి, చివరికి నాలుగు పిందెలు నిలిపి తక్కినదంతా రాల్చేస్తున్నారు. ‘ఎందుకు రాలాయి మాస్టారూ?’ అని పిల్లలు అడుగుతున్నారు. ఆ ప్రశ్న ఇంపార్టెంట్లలో లేదు. (మాస్టారిని అనడానికీ లేదు. భూతద్దం బీరువాలో ఉంది, తాళం హెడ్మాస్టారి దగ్గరుంది, హెడ్మాస్టారు మీటింగులో ఉన్నారు.)

రెండోది మరీ ఘోరం. కాల్షియం కార్బైడ్‌కు నీరు తగిలితే ఎసిటిలీన్ పుడుతుందని మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సమీకరణం తుల్యం చేసి మార్కులు కొడతారు. అక్కడితో ఆగితే అందరికీ క్షేమం. తమరి కాయల మధ్య మాగేయడానికి పెట్టిన ఆ కార్బైడ్ పొట్లాలే కనిపించేసరికి ఒక తొమ్మిదో తరగతి పిల్ల గోదాములో నిలదీసిందట: ఇందులో ఆర్సెనిక్, ఫాస్ఫీన్ జాడలుంటాయి కదా, 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు దీన్ని నిషేధించాయి కదా, కాయ తనకు తానే ఎథిలీన్ తయారు చేసుకుంటుంది కదా, తొందరైతే 100 పీపీఎం దాకా ఆ వాయువే పెట్టుకోవచ్చు కదా అని. ‘నీకు సైన్సులో ఎన్నొచ్చాయమ్మా?’ అన్నాడట వ్యాపారి. ఆయనా మా పూర్వ విద్యార్థే, అప్పట్లో స్కూల్ ఫస్టు. ఇప్పటికీ సొంతింటికి మాత్రం గడ్డిలో మాగేసిన కాయలే పంపుకుంటాడు. మా బోధన వంటబట్టలేదని ఎవరనగలరు?

ఊళ్లో మామిడి పరిశోధన స్థానం ఉందని తమరు వాదించవచ్చు. ఉంది. అది శాస్త్రవేత్తలకు; పిల్లలకైతే గ్రాండ్ టెస్టులున్నాయి. 2008లో వెలసిన ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులు చూసి సీటిస్తుంది. ఆ పబ్లిక్ పరీక్షల్లో సైన్సుకు ప్రయోగ పరీక్ష లేదు. అంటే పరీక్షనాళిక ముట్టుకోకుండానే ఇంజనీరింగు గడప తొక్కవచ్చు. ఇంత నున్నటి దారి వేసిపెడితే మధ్యలో తమరి వేళ్లేమిటి?

కావున ఇకమీదట పూత, పిందె, రాలుడు అన్నీ పబ్లిక్ పరీక్షలయ్యాకే పెట్టుకోవలెను. సంజాయిషీని ఎనిమిది మార్కుల జవాబులా పాయింట్ల వారీగా రాసి పంపవలెను. పటం తప్పనిసరి. కాయ జత చేయరాదు.