బంగారు మొగుడు

బొట్టు పెట్టుకుంటే కనుబొమల మధ్య ఆజ్ఞాచక్రం ఉత్తేజమై ఏకాగ్రత కుదురుతుందట. గాజులు మణికట్టు దగ్గర నాడుల్ని ఒత్తి రక్తప్రసరణ సరిచేస్తాయట. మట్టెలకీ గర్భాశయానికీ డైరెక్టు లైనే ఉందట. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ప్రతి శ్రావణ శుక్రవారం ఒక మావయ్య ఈ వైద్యం పంచుతుంటాడు. సరే, నమ్మేద్దాం. మరి మొగుడు పోయిన పదోరోజున ఈ మందులన్నీ ఒక్క పూటలో ఆపేస్తారెందుకు? ఆవిడ రక్తం పోటెత్తేదీ, మనసు చెదిరేదీ అప్పుడే కదా! బీపీ మాత్రలు మాత్రం లాక్కోరు. పుణ్యాత్ములు.

బాబాయి పోయినప్పుడు మా పిన్ని పదోరోజు దగ్గరుండి చూశాను. తెల్లారకుండానే లేపి, మొహానికి పసుపు రాసి, రూపాయి కాసంత బొట్టు పెట్టి, మోచేతుల దాకా గాజులేసి, తలనిండా పూలు తురిమారు. పెళ్లినాడైనా అన్ని పూలు పెట్టారో లేదో. ఆ తర్వాత కాలవగట్టుకి నడిపించుకెళ్లి అన్నీ తీసేశారు. గాజుముక్క గీరుకుని మణికట్టు మీద సన్నగా నెత్తురు. ‘‘ఏడవకమ్మా, ఆచారం’’ అంది పగలగొట్టినావిడ. ఆవిడ చేతులూ బోడివే. ఈ పనికి మొగుడు లేనివాళ్లనే పిలుస్తారు. ముత్తైదువలు ఆ ఛాయలకే రారు.

పిన్నికి బొట్టు పెట్టింది బాబాయి కాదు. ఉయ్యాల్లో ఉండగా వాళ్లమ్మ చాదుబొట్టు పెట్టింది. బాబాయి వచ్చింది ఇరవై ఏళ్ల తర్వాత, తాళీ మట్టెలూ పట్టుకుని. పోతూ పోతూ తను తేనివి కూడా పట్టుకుపోయాడు. పాపం, ఆయన కాదు లెండి. ఆయన పేరు చెప్పి మనం.

మరుసటేడు మా చెల్లి, అంటే పిన్ని కూతురి పెళ్లి. కన్యాదానం పీటల మీద ఎవరో దాయాది దంపతులు. తల్లేమో వెనక గదిలో పెరుగు డబ్బాలు లెక్కపెడుతోంది. పెళ్లి ఖర్చంతా ఆవిడ పీఎఫ్ సొమ్మే. నోట్లకి వైధవ్యం అంటదు కాబోలు.

ఇక మగవాడి సంగతి. భార్య పోతే ఏం తీసేస్తారు? వాచీయా? మీసమా? ‘విధురుడు’ అని నిఘంటువులో మాటుంది గానీ ఎవరినైనా అలా తిట్టగా విన్నామా? మూడో నెలకల్లా ‘‘ఎలా వండుకు తింటాడు పాపం’’ అని సంబంధాలు మొదలవుతాయి. సీత పక్కన లేకపోతే రాముడు బంగారు సీతని పెట్టుకుని అశ్వమేధం చేశాడు, ఎవరూ నొసలు ముడవలేదు. మా పిన్ని కూడా బంగారు మొగుణ్ణి చేయించుకుని పీటల మీద కూర్చుంటానంటే? తులం ధర సంగతి దేవుడెరుగు, పురోహితుడే పంచె ఎగ్గట్టుకుని పారిపోతాడు.

వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి పెళ్లి జరిపించి వెలికి గురయ్యాడు. ఆ తర్వాత 140 ఏళ్లు దాటాక, 2022 మేలో, కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ ఈ బొట్టు చెరిపే తంతు వద్దని తీర్మానం చేస్తే అది దేశమంతటికీ వార్తయింది. మనమేమో 2019 ఎన్నికల ముందు డ్వాక్రా మహిళలకిచ్చిన డబ్బుకి ‘పసుపు-కుంకుమ’ అని పేరెట్టుకున్నాం. సంఘాల్లో మొగుడు లేనివాళ్లుండరా? ఉంటారు. చెక్కు మీద మాత్రం కుంకుమ చెల్లింది.

మొన్న గ్రూపులో మావయ్యని నా సందేహం అడిగాను. ‘‘అన్నిటికీ లాజిక్కులు వెతక్కూడదురా’’ అన్నాడు. లాజిక్కులు పంపింది ఆయనే.

పిన్ని స్నానాల గది అద్దానికి ఇప్పటికీ మూడు మెరూన్ స్టిక్కర్ బొట్లు అతుక్కుని ఉన్నాయి. ఎదురుగా నిలబడితే ఒకటి సరిగ్గా నుదుటి మీదకొస్తుంది. పిన్ని కాస్త పొట్టి, మునివేళ్ల మీద లేవాలి. అలా లేవడం పిక్కలకి మంచిదని మావయ్యకి ఇంకా ఎవరూ ఫార్వర్డ్ చేసినట్టు లేరు.