ఒక్క ఎస్సు కోసం ఇంత రభసా!

మన దగ్గర మనిషి తెలివిని తూచే తూకపురాయి ఒకటుంది. దాని పేరు ఎస్. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి వచ్చిన కుర్రాడు ఇంటర్వ్యూలో "మై ఫాదర్ వర్క్ ఇన్ ఆర్టీసీ" అన్నాడా, అయిపోయాడు. "వర్క్స్" అనలేదని బల్లకు అవతల ఉన్న పెద్దమనిషి పెదవి విరిచి "కమ్యూనికేషన్ వీక్" అని రాసుకుంటాడు. నాన్నగారి ఉద్యోగం ఎక్కడో ఆయనకు శుభ్రంగా అర్థమైంది. అర్థమయ్యాకే విరిచాడు.

ఈ భయం పుణ్యమా అని అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా ఓ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు తగులుతుంది. తెల్లబోర్డు మీద ఒక గీత. పైన ఐ, వి, యు, దే: గో. కింద హి, షి, ఇట్: గోస్. ఆ చివరి ఎస్ చుట్టూ సార్ ఎర్ర మార్కర్‌తో సున్నా చుట్టి, "నౌన్‌కి ఎస్ పెడితే ప్లూరల్, వెర్బ్‌కి పెడితే సింగులర్" అంటారు. ఎందుకండీ ఈ తిరకాసు అంటే, "రూల్!" ప్రశ్న వేయబోతే ఆ ఎస్ కాస్తా ఎగిరి డూ నెత్తికెక్కి డస్ అవుతుంది, గోస్ మళ్లీ గో అయిపోతుంది. కెన్, మస్ట్‌ల దగ్గర అసలు అయిపే ఉండదు. పోలీస్ ఆర్ అట, న్యూస్ ఈజ్ అట. ఎవ్రీబడీ అంటే ఊరందరూ అనుకుంటాం, గ్రామర్ లెక్కలో ఒక్కడే. ఆ క్లాసు గుమ్మానికి అంటించిన కాగితం మాత్రం "ఎవ్రీబడీ హ్యావ్ టు పే బ్యాలెన్స్ ఫీజ్" అంటుంది. డబ్బు దగ్గర బహువచనమే న్యాయం మరి!

ఇంతకీ ఈ ఎస్ ఏమన్నా అనాదిగా వస్తున్నదా? 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ తెరిస్తే హి "గోయెత్" అనే కనిపిస్తుంది. ఉత్తర ఇంగ్లండు యాసలోంచి దిగొచ్చిన ఎస్ ఆ ఎత్‌ను గెంటేసి కూర్చుంది. నార్ఫోక్ యాసలో "షి గో" అనడం నిన్నమొన్నటిదాకా మామూలే. వాళ్లను అమీర్‌పేటకు పంపాలని ఎవరికీ తోచలేదు.

మనవాడి సంగతి చూద్దాం. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి. ఏడు రూపాలు! బడి మొహం చూడకముందే, ఎర్ర మార్కర్ అవసరం లేకుండా వాడి నోట్లో తిరిగాయి. ఇంగ్లిష్ మామూలు క్రియకు వర్తమాన కాలంలో ఉన్నవి రెండు. ఏడింటిని ఆడించినవాడు రెండింటి దగ్గర తడబడ్డాడంటే తప్పు బుర్రది ఎలా అవుతుంది? చెవిన పడని భాషను చార్టు చూపించి వల్లె వేయించినవాళ్లను అడగాలి.

ఎస్ నేర్పొద్దని ఎవరూ అనడం లేదు. నేర్పండి, వినిపించండి, మాట్లాడించండి. బల్లకు అవతల కూర్చునే అయ్యలారా, అమ్మలారా! మీకు కావాల్సింది కోడ్ రాసేవాడైతే ముందు కోడ్ రాయించండి. ఎస్ సంగతి ఉద్యోగంలో చేరాక టీ తాగుతూ చెప్పుకోవచ్చు.