రెండు రేకుల నడుమ: ఒక పాల ట్యాంకర్ ఆత్మకథ

నేను పాల ట్యాంకర్ను. ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల పాలను కామారెడ్డికి చేర్చడం నా బతుకు. నా కడుపులో ఏదో చలియంత్రం ఉందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. పాలను చల్లబరచడం నాకు రాదు. చల్లబడి వచ్చిన పాలకు వేడి సోకకుండా చూడటం ఒక్కటే నాకు తెలిసిన విద్య. గొంగడి తనంతట తాను వేడి పుట్టించదు, ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. నేనూ అంతే. కాకపోతే నేను కాచేది చలువను.

మా వైపు పాడికి నీళ్లే ఆధారం. ఎల్లారెడ్డికి ఒక దిక్కున పోచారం జలాశయం, మరో దిక్కున మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్. నీళ్లున్నచోట వరి, వరి వెంట గడ్డి, గడ్డి వెంట బర్రెలు. మబ్బుల లేచి పేడ తీసి, దాణా పెట్టి, పాలు పిండి, క్యాను పట్టుకొని పాల కేంద్రానికి నడిచేది ఎక్కువగా ఆడవాళ్లే. అక్కడ నమూనా తీసి, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూసి చీటీ రాస్తారు. పదిహేను రోజులకోసారి చేతికొచ్చే ఆ బిల్లు మీదే పిల్లల ఫీజులు, కిరాణా బాకీలు నడుస్తాయి.

పొదుగు నుంచి వచ్చిన పాలు 37, 38 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. అలాంటి వెచ్చదనంలో కొన్ని రకాల సూక్ష్మజీవులు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన నాలుగు గంటల్లో ఒక్కటి 4,096 అవుతుంది. పాలను 4 డిగ్రీలకు దించితే ఆ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. పాలు క్యాన్లలోనే పట్నానికి పోయిన రోజుల్లో ఎండాకాలం దారిలోనే విరిగేవి. విరిగిన పాలకు బిల్లు ఉండదు. ఇప్పుడు పల్లె దగ్గరే బల్క్ మిల్క్ కూలర్ ఉంది. దాని పని ముగిసినచోట నా పని మొదలవుతుంది.

నన్ను ఎంచుకున్న రోజు చెప్పాలి. యజమాని, డ్రైవరన్న కలిసి ట్యాంకులు తయారుచేసే చోటికి వచ్చారు. యజమాని నేరుగా నిగనిగలాడే 10,000 లీటర్ల ట్యాంకు దగ్గరికి నడిచాడు. డ్రైవరన్న ఆపాడు.

"అన్నా, మన రూటుల పాలెన్ని? నాలుగువేల ఐదొందలు. గంత పెద్దదాంట్ల సగం గూడ నిండయి. మలుపులకాడ పాలు ఊగి ఊగి వెన్న తేల్తది. బండి గూడ పక్కకు గుంజుతది."

అతని మాట నిజం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పాలు ఎగిరెగిరి పడితే వెన్న బిందువుల మీది పలచని పొర చిరిగి, కొవ్వు బయటపడుతుంది. అది త్వరగా కంపు కొడుతుంది. అందుకే రెండు అరలుగా చేసిన 5,000 లీటర్ల నా దగ్గర ఆగారు. డ్రైవరన్న నా పక్క మీద వేలితో కొట్టి, అమ్మే మనిషిని అడిగాడు.

"గీ రెండు రేకుల నడుమ ఏమున్నదో చెప్పు సారూ."

నా గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదే. నా లోపలి రేకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. పాలు తాకేది దాన్నే కాబట్టి అతుకులన్నీ నున్నగా సానపట్టి ఉంటాయి, ఎక్కడా మూల అనేది ఉండదు. బయటి రేకు ఎండకు, వానకు, రాళ్లకు ఓర్చుకునేది. ఈ రెంటి నడుమ 75 మిల్లీమీటర్ల మందాన పఫ్, అంటే పాలీయురేథేన్ నురుగు నింపారు. ఆ పదార్థానికి దారి వేసింది 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం. రెండు ద్రవాలను కలిపి పోస్తే అవి పొంగి, ప్రతి సందులోకీ పాకి, గట్టిపడతాయి. నురుగులోని కోట్లాది చిన్న గదుల్లో చిక్కుకున్న వాయువు వేడిని సాగనివ్వదు. గాజు ఊలు కూరినా, థర్మోకోల్ పలకలు పేర్చినా కుదుపులకు జారి సందులు పడే ప్రమాదం ఉంది. లోపలి ట్యాంకును మోసే దిమ్మెలు కూడా చెక్కవే. ఇనుమువైతే వేడికి అవే దారి అవుతాయి.

పఫ్‌కు పెద్ద శత్రువు నీరు. పొడి నురుగుతో పోలిస్తే నీరు సుమారు 25 రెట్లు వేడిని మోస్తుంది. బయటి రేకుకు చిల్లి పడి వాననీరు ఇంకితే, చూపుకు ట్యాంకు కొత్తదే, లోపల కాపలా మాత్రం లేనట్టే.

మాటలతో నమ్మకుండా డ్రైవరన్న పరీక్ష కూడా పెట్టించాడు. నాలోనూ నా పక్క ట్యాంకులోనూ బాగా చల్లటి నీళ్లు నింపించి, ముసురు పట్టిన ఆ రాత్రంతా ఉంచాడు. తెల్లారేసరికి పక్క ట్యాంకు అడుగున, మూత చుట్టూ చెమట పట్టింది. పఫ్ అందని చోట బయటి రేకు చల్లబడి, గాలిలోని తేమ అక్కడ నీరవుతుంది. నా ఒళ్లు పొడిగా ఉంది. బేరం నాతో కుదిరింది.

నా గోడ విలువను లెక్కలో చూడండి. బయట 40 డిగ్రీలు, లోపల పాలు 4 డిగ్రీలు అనుకుందాం. నిండుగా ఉన్న నాలోకి పఫ్ దాటి వచ్చే వేడి సుమారు 200 వాట్లు. ఆ చొప్పున పాలు ఒక్క డిగ్రీ ఎక్కడానికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మూత దగ్గర, కుళాయి దగ్గర చొరబడేది కలుపుకున్నా కామారెడ్డి చేరేలోపు తేడా బహు స్వల్పం. అవే చల్లటి పాలను 40 లీటర్ల మామూలు క్యానులో పోసి గాలి తగిలే చోట పెడితే, ఆ ఒక్క క్యానే ఇంచుమించు నేను తాగినంత వేడిని తాగుతుంది. గంట తిరిగేసరికి నాలుగైదు డిగ్రీలు ఎక్కుతుంది.

పాలు ఎక్కువై గోడ మందంగా ఉంటే చాలా దూరం పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ రేణిగుంట నుంచి ఢిల్లీకి బయల్దేరిన దూద్ దురంతో రైలులో ఒక్కో ట్యాంకరు 40,000 లీటర్లది. రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆ వార్త విన్నప్పుడు మా జాతి అంతటికీ అది పండుగ అనిపించింది.

నా దారి చిన్నది. ఎల్లారెడ్డి దాటి, నాగన్న బావి ఉన్న లింగంపేట మీదుగా కామారెడ్డి. డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉన్న ఊరు కాబట్టి అక్కడ పాల సంగతి తెలిసినవాళ్లు ఎక్కువ. మూత తీయగానే మొదట ఉష్ణోగ్రత చూస్తారు, ఆ తర్వాతే మిగతా పరీక్షలు. అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెద్ద ట్యాంకర్లు హైదరాబాద్ పోతాయి.

పాలు దించాక నా స్నానం. ముందు చన్నీళ్లు, ఎందుకంటే వేడినీళ్లు పోస్తే పాల మాంసకృత్తులు రేకుకు అంటుకుపోతాయి. తర్వాత వేడి కాస్టిక్ సోడా ద్రావణం, మళ్లీ నీళ్లు. పాలలోని ఖనిజాలు గారలా పేరుకోకుండా అప్పుడప్పుడు ఆమ్లం. ఈ స్నానంలో గాలిగొట్టం తెరిచి ఉండాలి. వేడి ఆవిరి నిండిన కడుపులో మూత బిగించి చన్నీళ్లు కొడితే ఆవిరి ఒక్కసారిగా నీరై, లోపల గాలి లేక, బయటి గాలి ఒత్తిడికి రేకు నలిగిపోతుంది. ఒకసారి ఇరుకు సందులో వేరే బండి నా పక్కను గీరి చిల్లు పెట్టింది. వాన రాకముందే డ్రైవరన్న దాన్ని మూయించాడు. "పాలు కారుతలేవు గదా, రేపు చూద్దాం" అన్నవాళ్లకు, "నీళ్లు లోపలికి పోతయ్" అని చెప్పాడు. నాకు ఆయుష్షు పోసింది ఆ మాటే.

నాలాంటి ట్యాంకర్ కొనబోయే ప్రతి సంఘానికీ, ప్రతి రైతు బృందానికీ నా విన్నపం ఒకటే. మెరుపు చూసి మురిసిపోకండి. మీ రూటు పాలెన్నో లెక్కేసి కొలత ఎంచుకోండి. పఫ్ మందం ఎంతో బిల్లులో రాయించుకోండి. చల్లటి నీళ్లు పోయించి, చెమట పడుతుందేమో చేత్తో తడిమి చూడండి. గోడలో పొదుపు చేసిన ప్రతి మిల్లీమీటరునూ చివరికి పాలు పోసినవాళ్ల బిల్లులోంచే కోస్తారు.